ఈ ఫోటో ఎవరు తీశారు?

మా ఆయన పోయింది మంగళవారం. గురువారం పేపరు ప్రకారం పోయింది మాత్రం మా తమ్ముడు.

ఆ పేపరులోనే ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు ఫోటోగ్రాఫరుగా పనిచేశారు. అందుకని నాలుగో పేజీలో మంచి చోటే ఇచ్చారు. పొద్దున్నే టీ తాగుతూ ఆ వార్త చదివాను. నేను ఏడో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. నోటుబుక్కులు దిద్దీ దిద్దీ, చదవడమంటే తప్పులు వెతకడమే అయిపోయింది. పేరు, వయసు, ఉద్యోగం, చేసిన ఏళ్లు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫోటో వైపు మాత్రం చూడలేదు. చూడలేకపోయాను. తర్వాత అందరికీ కబురందించే పనిలో పడ్డాను.

ఎనిమిదింటికి తమ్ముడు వచ్చాడు. వాడికి బజారులో కళ్లద్దాల షాపు ఉంది. గుమ్మంలోనే నిలబడి పేపరు చాచి పట్టుకున్నాడు.

“అక్కా, నేను పోయానట. నీకేమైనా తెలుసా?”

అప్పుడు చూశాను. మెడలో కెమెరా వేసుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, పెళ్లికొడుకులా నవ్వుతున్నది వాడే.

“బాగా పడ్డాను కదా,” అన్నాడు. “బావ తీస్తే అంతే.” పేపరు మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

ఆ ఫోటో సంగతి ఇద్దరికీ తెలుసు. పదేళ్ల కిందట ఆయన కొత్త కెమెరా కొన్నారు. అదెలా పనిచేస్తుందో చూడాలని తమ్ముడి షాపుకి వెళ్లి, పాత కెమెరా వాడి మెడలో వేసి, “కాస్త గొప్పవాడిలా నిలబడవోయ్” అని తీశారు. ఇప్పుడు ఆఫీసులో ఎవరో కొత్తవాళ్లు ఆయన బీరువా వెతికితే అది దొరికింది. మెడలో కెమెరా ఉంది కాబట్టి ఫోటోగ్రాఫరే అనుకున్నారు. కాదని చెప్పగలిగిన పాతవాళ్లంతా బుధవారం మా ఇంట్లోనే ఉన్నారు.

పేపరు కంటే ఫోన్లు వేగంగా పనిచేశాయి. ఎవరో ఆ వార్తను ఫోటో తీసి పంపారు, అందుకున్నవాళ్లు ఇంకొకరికి పంపారు. మధ్యాహ్నానికి మా మరదలు ఫోన్ చేసింది.

“వదినా, మా పిన్ని ఒకటే ఏడుపు. ఆయన నా పక్కనే కూర్చుని అన్నం తింటున్నారు పిన్నీ అంటే, షాకులో అలాగే అనిపిస్తుందమ్మా, ధైర్యం తెచ్చుకో అంటోంది!”

నాకు నవ్వొచ్చింది. ఆ వారంలో అదే మొదటిసారి.

షాపులోనూ అదే గొడవ. ఒక రిటైరైన పోస్టుమాస్టరు గారు తయారైన కళ్లద్దాలు తీసుకోవడానికి వచ్చి, తమ్ముణ్ణి చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయారట.

“పేపర్లో వేశారు కదండీ,” అన్నారట.

“నేను మీ ఎదురుగా ఉన్నాను కదండీ.”

“అదే నాకూ అర్థం కావడం లేదు. ఏమీ లేనిదే పేపర్లో వేస్తారా?”

“ముందు ఈ అద్దాలు పెట్టుకుని చూడండి సార్.”

పెట్టుకుని, తమ్ముణ్ణి కిందికీ పైకీ చూసి, “ఉన్నట్టే ఉన్నారు,” అని ఒప్పుకున్నారట. వెళ్తూ వెళ్తూ, “అయినా ఒకసారి కనుక్కోండి,” అన్నారట.

పదిహేను రోజుల సెలవు తర్వాత బడికి వెళ్లాను. పిల్లలు నన్ను గాజుగ్లాసును చూసినట్టు చూశారు. ఆ రోజు చెప్పాల్సిన పాఠం ప్రసార మాధ్యమాలు. నేను ఎంచుకున్నది కాదు, వరసలో అదే వచ్చింది.

“వెనకటికి డప్పు కొట్టి చాటింపు వేసేవాళ్లు,” అని మొదలుపెట్టాను. “తర్వాత అచ్చు యంత్రం, పేపరు, రేడియో, టీవీ, ఇప్పుడు ఫోను. ప్రతిసారీ వినేవాళ్లు పెరిగారు. పెరిగేకొద్దీ ఏం తగ్గింది?”

“చార్జింగ్, టీచర్!”

ఒక్కసారి క్లాసంతా నవ్వింది, తర్వాత నవ్వొచ్చో లేదోనని ఆగిపోయింది. నేనూ నవ్వాక ఊపిరి పీల్చుకున్నారు.

మూడో బెంచీలో ఒక పిల్ల ఉంది. ప్రతిదానికీ అడ్డుప్రశ్న వేస్తుందని అందరూ దాన్ని డౌట్లరాణి అంటారు. అది లేచింది. “తిరిగి అడగడం తగ్గింది టీచర్. చాటింపు వేసేవాడైతే, నీకెవరు చెప్పారని అక్కడే నిలేయొచ్చు. టీవీని అడగలేం కదా.”

“మా తాతయ్య అడుగుతాడు. అరిచి మరీ అడుగుతాడు,” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

సంచిలో నుంచి ఆ గురువారం పేపరు తీసి బల్ల మీద పరిచాను. “ఇందులో ఒక తప్పుంది. పట్టుకోండి.”

పిల్లలు మూగారు. ముందు ఒత్తులూ దీర్ఘాలూ వెతికారు. అది నా పెంపకమే. డౌట్లరాణి మాత్రం ఫోటో వదల్లేదు.

“టీచర్, కెమెరా ఈయన మెడలోనే ఉంటే, ఈ ఫోటో ఎవరు తీశారు?”

“సెల్ఫీ అయ్యుంటుందే.”

“సెల్ఫీ అయితే చెయ్యి చాచి ఉండాలిగా! రెండు చేతులూ పొట్ట మీదే ఉన్నాయి, చూడవే మొద్దూ.”

జరిగింది చెప్పాను. తిరిగి అడగాలంటే ఎక్కడ అడగాలో కూడా చూపించాను. ఆఖరి పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో, పేపరు ఎవరిదో, ఎక్కడ అచ్చయిందో, సంపాదకుడు ఎవరో ఉంటుంది. అంతకాలంగా ఆ పేపరు మా ఇంటికి వస్తున్నా, ఆ వరస నేను పూర్తిగా చదివింది ఆ రోజే.

ఆ సాయంత్రమే ఆఫీసుకి వెళ్లాను. సంపాదకుడు లేచి నిలబడ్డాడు.

“పొరపాటైపోయిందమ్మా. శనివారం సవరణ వేస్తాం. ఆయన ఫోటో ఒకటి ఇవ్వండి.”

“శనివారంలోపల దొరక్కపోతే?”

“ఫోటో లేకుండానే వెళ్లిపోతుంది. ఒకే వార్తకి రెండోసారి సవరణ వెయ్యమమ్మా.”

ఆ ముప్ఫై ఒక్క ఏళ్లలో పేపరులో పడిన వేల ఫోటోల కింద ‘ఫోటో: మా ఫోటోగ్రాఫర్’ అనే ఉండేది. ఆయన పేరు ఎప్పుడూ పడలేదు, మొహం అసలే పడలేదు. ఒక్కసారైనా పడాలనిపించింది. నాకు కావలసింది అంతే.

ఇల్లంతా వెతికాను. మా పెళ్లి ఫోటోలో కూడా ఆయన పక్కకు తిరిగి, తీస్తున్నవాడికి లైటు ఎక్కడ పెట్టాలో చెబుతున్నారు. గుర్తింపు కార్డు మీద ఉన్నది తపాలాబిళ్లంత. అందులోనూ ఆఫీసు ముద్ర సరిగ్గా ముక్కు మీద పడింది. మిగతా అన్నింట్లో నేనూ, తమ్ముడూ, మరదలూ, ముక్కూమొహం తెలియని జనమూ ఉన్నాం.

శుక్రవారం మధ్యాహ్నం డౌట్లరాణి స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో ఆ పేపరు ముక్క ఉంది.

“టీచర్, మీ తమ్ముడుగారి మోచెయ్యి అంచు దగ్గర తెగిపోయింది.”

“అయితే?”

“మోచెయ్యి తెగిపోదు కదా టీచర్. ఫోటోనే కత్తిరించారు. మిగతా ముక్కలో ఏముంది?”

బడి అయ్యాక తమ్ముడి షాపుకి వెళ్లాను. ఆ ఫోటో పూర్తి కాపీ అక్కడ, గల్లా వెనక, ఫ్రేములో పదేళ్లుగా వేలాడుతోంది.

“దింపరా దాన్ని.”

“ఇప్పుడు దీని మీద పడ్డావేంటే? పోయినవాణ్ణి ప్రశాంతంగా ఉండనివ్వవా?” అంటూనే దింపి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

వాడి మోచేతికి అవతల, కస్టమర్లు ఫ్రేములు పెట్టి చూసుకునే నిలువుటద్దం ఉంది. అందులో చేతులెత్తి కెమెరా పట్టుకుని ఆయన ఉన్నారు. సగం మొహం కెమెరా వెనక ఉంది. మిగతా సగంలో ఒక కన్ను మూసి, నవ్వుతున్నారు.

తమ్ముడు చాలాసేపు చూశాడు. “పదేళ్లుగా రోజూ చూస్తున్నాను అక్కా,” అన్నాడు. “నన్నే చూసుకున్నాను.”

“అద్దాల షాపోడివి. ఒకసారి నీ కళ్లు కూడా చూపించుకో,” అన్నాను. ఇద్దరం నవ్వాం. కాసేపటికి వాడు అదే గుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు.

ఫ్రేముతోనే ఆఫీసుకి పట్టుకెళ్లాం. సంపాదకుడు కళ్లజోడు నెత్తి మీదికి జరిపి దగ్గరగా చూశాడు.

“సగమే కనబడుతోందమ్మా.”

“ఇంట్లో కూడా అంతే కనబడేవారండీ,” అన్నాను.

ఫోటో కింద ఏం రాయమంటారని అడిగితే, మా ఆయన పేరు రాసి, దాని పక్కన ‘ఫోటో: ఆయనే’ అని రాసిచ్చాను. శనివారం తొమ్మిదో పేజీలో, అడుగున, అగ్గిపెట్టంత పడింది. పోస్టుమాస్టరు గారు దాన్ని కత్తిరించి షాపుకి తెచ్చి, “ఇప్పుడు సరిపోయింది,” అని తమ్ముడికి చెయ్యి కలిపారట.

సోమవారం క్లాసులో ఆ సవరణ చూపించి, కత్తిరించిన అంచు అవతలే ఆయన దొరికారని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. డౌట్లరాణి కొట్టలేదు.

“టీచర్, పాతది ఇంకా తిరుగుతోంది. నిన్న కూడా మా పెద్దమ్మ ఫోన్‌కి వచ్చింది. దాన్ని మొదట పంపిందెవరో తెలిస్తే, వాళ్ల చేతే సరైనది కూడా పంపించొచ్చు కదా.”

“ఎలా తెలుస్తుంది?”

“అంచులు చూడాలి టీచర్. మీరే చెప్పారుగా.” పెద్దమ్మ దగ్గర అడిగి ముందే తీయించుకొచ్చిన ఆ ఫోటో ప్రింటు చూపించింది. అందులో ఒక బల్ల మీద పేపరు, దాని కుడి మూలన ఒక కప్పు పిడి. నీలం రంగు. పిడి మీద చిన్న పెచ్చు ఊడి ఉంది. “ఈ కప్పు ఎవరింట్లో ఉందో కనుక్కుంటే చాలు.”

పిల్లలంతా కప్పు మీద పడ్డారు. మా ఇంట్లో లేదంటే మా ఇంట్లో లేదని గోల. గంట కొట్టేదాకా ఆపలేదు.

ఆ గురువారం పొద్దున అక్షరం అక్షరం చదివి, తప్పులేమీ లేవని తేల్చుకుని, ఫోటో వైపు చూడకుండా, పేపరును ఫోన్‌తో తీసి బంధువులకూ స్టాఫ్ గ్రూపుకూ పంపాను. అందరికీ ఒకేసారి తెలుస్తుందనుకున్నాను.

డౌట్లరాణి ఇంకా వెతుకుతోంది. ఆ కప్పు నాదని పిల్లలకు నేనింకా చెప్పలేదు.