కెనడా డాలరులో ఏ సగం ఎవరిది

2018 ఫిబ్రవరి 10, రెండో శనివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, కాకినాడలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు నన్ను రెండు ముక్కలుగా కోయించాలని నిర్ణయించుకున్నారు. వెండి కొట్టు పక్క వీధిలోనే ఉంది.

నేను ఒక కెనడా వెండి డాలరును. బరువు ఇరవై మూడు గ్రాముల మీద కొంచెం. నూటికి ఎనభై పాళ్ళు వెండి, మిగతాది రాగి. ఒక వైపు ఆరో జార్జి రాజు తల. రెండో వైపు ఒక పడవ, అందులో తెడ్లు వేస్తున్న ఇద్దరు మనుషులు. నా మీద 1947 అని ఉంటుంది. నేను పుట్టింది మాత్రం 1948లో. ఈ తేడాకు కారణం మీ దేశమే.

అంతకు ముందు కెనడా నాణేల మీద రాజు పేరు పక్కన 'భారత చక్రవర్తి' అని లాటిన్‌లో పొడి అక్షరాలు ఉండేవి. 1947 ఆగస్టుతో ఆ మాట చెల్లకుండా పోయింది. కొత్త అచ్చులు లండన్ నుంచి రావాలి. అవి సమయానికి రాలేదు. ఒటావా టంకశాలలో పని ఆపడానికి వీల్లేదు. అక్కడి వాళ్ళు 1948లో కూడా 1947 అచ్చులే వాడారు. తేడా తెలియడానికి ఏడు అంకె పక్కన ఒక మేపుల్ ఆకు చెక్కారు. ఆ ఆకుతో బయటికి వచ్చిన డాలర్లు ఇరవై ఒక్క వేల పైచిలుకు. చక్రవర్తి కాని రాజును, గడిచిపోయిన సంవత్సరాన్ని మోస్తూ నేను లోకంలోకి వచ్చాను. నన్ను అందుకున్న బ్యాంకు గుమస్తా ఈ రెండూ చూడలేదు.

నాకు ఖర్చయ్యే అవకాశం రాలేదు. 1952లో టొరాంటోలో ఒక మేనమామ నన్ను బ్యాంకులో తీసుకుని, నర్సు చదువు పూర్తి చేసిన మేనకోడలికి ఇచ్చాడు. ఆమె పేరు మిస్ హార్లో. మరుసటి ఏడాది ఆమె ఓడ ఎక్కి కాకినాడ వచ్చి ఒక మిషను ఆసుపత్రిలో చేరింది. ఇరవై ఒక్క ఏళ్ళు ఆమె ట్రంకు పెట్టెలో ఉన్నాను. 1974 డిసెంబరులో ఊరు విడిచి వెళ్తూ, ఆమె నన్ను ఆసుపత్రి ఆయా ఎస్తేరమ్మ చేతిలో పెట్టింది.

పసిబిడ్డ బొడ్డు ఉబ్బితే దాని మీద బిళ్ళ పెట్టి గుడ్డతో కట్టడం ఆ వీధుల్లో వాడుక. మిస్ హార్లో ఉన్నన్నాళ్ళూ ఆ పని చెయ్యవద్దని తల్లులను మందలించింది. ఆమె వెళ్ళిన ఏడు నెలలకు ఎస్తేరమ్మకు రెండో కూతురు పుట్టింది. బిడ్డ బొడ్డు ఉబ్బింది. ఎస్తేరమ్మ మిస్ హార్లో ఇచ్చిన డాలరునే కట్టింది. ఆ తర్వాత చుట్టుపక్కల వాళ్ళు అడిగి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. నాకు గుర్తున్నంత వరకు ముప్పై నాలుగు మంది బిడ్డల బొడ్ల మీద పడుకున్నాను. ఎవరికైనా నావల్ల నయమైందో లేదో చెప్పలేను. బిడ్డలు పెరిగారు, బొడ్లు లోపలికి పోయాయి. పేరు నాకు వచ్చింది.

2017 నవంబరులో ఎస్తేరమ్మ చనిపోయింది. పోయేముందు ఇద్దరు కూతుళ్ళనూ పిలిచి పౌడరు డబ్బాలోంచి నన్ను తీయించింది. "ఇద్దరూ సమానంగా తీసుకోండి" అన్నది. ఎలా అన్నది చెప్పలేదు.

పెద్ద కూతురు దయామణి ఆర్టీసీ బస్సులో కండక్టరు. చిన్న కూతురు రూతమ్మ కుట్టుపని చేస్తుంది. పెద్దదాన్ని కాబట్టి నాకే అని అక్క, నా బొడ్డు మీద కట్టింది కాబట్టి నాకే అని చెల్లెలు. మూడు నెలలు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. చర్చిలో చెరో వైపు కూర్చున్నారు. చివరికి రూతమ్మ భర్త మధ్యలో పడి ఒక ఒప్పందం కుదిర్చాడు. నా ధర తెలుసుకోవాలి. చీటీలు వెయ్యాలి. ఎవరి పేరు వస్తే వాళ్ళు నన్ను ఉంచుకుని, రెండో వాళ్ళకు సగం ధర ఇవ్వాలి. అంతవరకు నేను దయామణి ఇంట్లో ఉండాలి.

ధర చెప్పే మనిషి కొప్పిశెట్టి వీరభద్రం గారు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. కెనడా, అమెరికా నాణేలు సేకరిస్తారు. ప్రతి రెండో శనివారం రామారావుపేటలో ఒక లైబ్రరీ మేడ మీద కూర్చుని, కొత్తగా ఈ సరదాలోకి దిగిన వాళ్ళ సందేహాలు తీరుస్తారు.

ఆ రోజు మా ముందు ఒక మందుల షాపు యజమాని ఉన్నాడు. అతని దగ్గర రెండు పావలాలు, అంటే పావు డాలరు బిళ్ళలు ఉన్నాయి, ఒకటి కెనడాది, ఒకటి అమెరికాది.

"ఎంతొస్తుందండీ?" అన్నాడు. మొదటి ప్రశ్న అందరిదీ ఇదే.

వీరభద్రం గారు అయస్కాంతం తెచ్చారు. కెనడాది అతుక్కుంది. అమెరికాది అతుక్కోలేదు.

"అతుక్కున్నది నకిలీయా అండీ?"

"కాదు. ఇప్పుడు కెనడా వాళ్ళు ఉక్కుతో చేస్తున్నారు. రెండూ అసలువే. రెండూ మామూలువే. ఆ దేశాలు వెళ్ళినప్పుడు వీటితో టీ తాగండి."

"వెండి కాదా మరి?"

"అమెరికా పావలాలో వెండి కావాలంటే 1964, అంతకు ముందువి చూసుకోవాలి. అంకె చూడకుండా ధర అడక్కూడదు."

అతను రెండు పావలాలూ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అక్కచెల్లెళ్ళు ముందుకు వచ్చారు. దయామణి నన్ను చేతిరుమాలులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

ఇక్కడ గురువారం సాయంత్రం జరిగింది చెప్పాలి. డెబ్బై ఏళ్ళలో నా మీద ఒక నలుపు పట్టింది. దయామణి ఇరవై రెండేళ్ళుగా బస్సులో చిల్లర ఇస్తోంది. నల్లబడిన బిళ్ళను ఏ ప్రయాణికుడూ తీసుకోడు. అందుకని డ్యూటీకి వెళ్ళేముందు నల్ల బిళ్ళలను చింతపండుతో తోమడం ఆమెకు అలవాటు. నన్నూ తోమింది. చింతపండు సరిపోలేదని పళ్ళపొడి కూడా వేసింది. ధర పెరిగితే ఇద్దరికీ లాభమని ఆమె ఉద్దేశం.

వీరభద్రం గారు భూతద్దంతో ముందు సంవత్సరం చూశారు. ఏడు పక్కన ఆగారు. కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆకును రెండుసార్లు చూశారు. తర్వాత నన్ను వెలుగులో వాల్చి పట్టుకున్నారు.

"ఎవరు తోమారండీ దీన్ని?"

"నేనేనండి" అన్నది దయామణి. "నల్లగా ఉంటే ఎవరు తీసుకుంటారండీ? మా బస్సులో అయితే మొహాన కొడతారు. ఇప్పుడు చూడండి, ఎలా మెరుస్తోందో!"

"అమ్మా, బస్సు వేరు, ఇది వేరు. కొనేవాడు ఆ నలుపు కోసమే చూస్తాడు. పళ్ళపొడి గీతలు రాజు చెంప మీద కనపడుతున్నాయి. మొన్నటి దాకా పదిహేను వేలు పలికేది."

"ఇప్పుడో?" అన్నది రూతమ్మ.

"ఏడు. మనిషి మంచివాడైతే ఏడున్నర."

రూతమ్మ అక్క వైపు తిరిగింది. "సగం తోమేశావన్నమాట. నా సగం."

"నీ సగం నేనెందుకు తోముతానే? నా సగం తోముకున్నాను."

"అయితే రెండు పక్కలా మెరుస్తోందేం?"

"రాజు పక్క నాది. పెద్దదాన్ని."

"ఆహా! నాకు పడవా?"

"పడవ చాలదా? తెడ్డేసే మనుషుల్తో సహా వచ్చింది. నీకు ఖర్చే లేదు."

"నీ ఎటకారానికేం గానీ, రేపు చీటీ నీకొస్తే నాకిచ్చే సగం ఏ ధరలోది? తోమకముందు ధరా, తోమాక ధరా?"

"తోమాకది. ఉన్న ధరే కదా ఇస్తాను."

"నాకొస్తే?"

"నీకొస్తే తోమకముందుది. నీకు తోమటం ఇష్టం లేదుగా!"

వీరభద్రం గారు దగ్గారు. రూతమ్మ వినలేదు.

"ఇవేం లెక్కలొద్దు నాకు. గుడ్డయినా, వెండయినా మడత మీద కత్తిరిస్తే రెండు ముక్కలూ సమానమే. సుబ్బాచారి గారి వెండి కొట్టు పక్క వీధిలోనే ఉంది. పద."

"పద. నాకేం భయమా? కోయించు."

అప్పుడు గోడ గడియారంలో పదకొండు ఇరవై. నాకు మడత లేదు. సుబ్బాచారి ఎక్కడ ఉలి పెడతాడో ఊహించాను. రాజు చెవి దగ్గర అయితే అటు వైపు పడవలో మనుషులు చెరో ముక్కలోకి వెళ్తారు. ఇద్దరికీ తెడ్లు ఉంటాయి. పడవ ఉండదు.

"కూర్చోండమ్మా" అన్నారు వీరభద్రం గారు. "కోస్తే ఏడు వేలు కూడా ఉండదు. వెండి తూకం ఉంటుంది. నేను ఒక మాట చెప్తాను, తర్వాత మీ ఇష్టం."

ఆయన ఆల్బమ్ తెరిచి ఒక పుట చూపించారు. కెనడా డాలర్లు సంవత్సరాల వరుసలో ఉన్నాయి. 1947 తర్వాత ఒక గడి ఖాళీ. ఆకు గుర్తు డాలరు కోసం పంతొమ్మిదేళ్ళుగా ఆ గడి అలాగే ఉంచానన్నారు. తోమినదైనా తనకు అభ్యంతరం లేదన్నారు. తర్వాత ఇంకో డబ్బాలోంచి రెండు అమెరికా వెండి డాలర్లు తీసి పక్కపక్కన పెట్టారు. రెండూ 1922వి. రెండింటి మీదా ఒకే స్త్రీ తల, వెనక ఒకే గద్ద.

"మార్పిడి. మీది ఒకటి నాకు, ఇవి రెండూ మీకు. అక్కకు ఒకటి, చెల్లికి ఒకటి. వీటికీ దానికీ ధరలో తేడా ఉంది. ఆ తేడా నగదుగా ఇద్దరికీ సమానంగా ఇస్తాను."

దయామణి ఒకదాన్ని తిప్పి చూసింది. "అమెరికా వాటి మీద కొట్టిన ఊరి అక్షరం ఉంటాదంటారు కదండీ. దీనికి లేదేంటండీ?"

"ఫిలడెల్ఫియాలో కొట్టినవి. ఆ ఊరి వాళ్ళు అప్పట్లో డాలరు మీద అక్షరం వేసేవాళ్ళు కాదు. డెన్వరు వాళ్ళు డి వేస్తారు. ఇది లోపం కాదమ్మా."

"కెనడా దాని కంటే అమెరికాది ఎక్కువ కదండీ మామూలుగా?"

"చాలామంది అలాగే అనుకుంటారు. నాణెం విషయంలో దేశం కాదు, ఎన్ని మిగిలాయన్నది లెక్క. ఇవి కోట్లలో కొట్టారు. మీది వేలల్లో."

ఆయన రెండు అమెరికా డాలర్లనూ త్రాసులో చెరో పళ్ళెంలో పెట్టారు. ముల్లు మధ్యలో నిలిచింది. ముప్పై మూడేళ్ళు అంగళ్ళలో త్రాసులు పరీక్షించిన మనిషి ఆయన. ముల్లు పూర్తిగా ఆగే వరకు వంగి చూశారు.

"సమానం" అన్నారు.

రూతమ్మ తన వైపు పళ్ళెంలోంచి డాలరు తీసుకుంది. కాసేపు చూసింది.

"ఇది ఎవరిదండీ?"

"చెప్పాను కదమ్మా. అమెరికాది. 1922."

"అది కాదండీ. మీకంటే ముందు ఎవరిదీ అని."

"వేలంలో కొన్నాను. ఎవరిదో తెలీదు."

రూతమ్మ దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. దయామణి తన వైపుది అసలు తీసుకోలేదు. వీరభద్రం గారు ఖాళీ గడి మీద వేలు పెట్టి ఉంచారు.

దయామణి నన్ను బల్ల మీద నుంచి తీసి చెల్లెలి ముందు పెట్టింది.

"రూతూ, నీ దగ్గరే ఉంచు."

"చీటీ వెయ్యకుండానా?"

"నా ఇంట్లో ఉంటే మళ్ళీ తోముతానే. చెయ్యి ఊరుకోదు."

"సగం ధర ఎంతివ్వాలి?"

"ఏ ధరలోదో తేల్చుకోడానికి మళ్ళీ ఇంకో మూడు నెలలు కొట్టుకోవాలి. నాకు ఓపిక లేదు. ఉంచు."

"ఉంచుతాను" అన్నది రూతమ్మ. "రేపు ప్రార్థన అయ్యాక వచ్చి చూసుకో. ఉందో అమ్మేశానో."

"అమ్మేస్తావా? సుబ్బాచారి చేత నిన్నే కోయిస్తాను."

వీరభద్రం గారు ఆల్బమ్ మూసి, మళ్ళీ తెరిచారు. "ఒక్క నిమిషం ఇస్తారా దాన్ని?" అని అడిగారు. నా మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దారు. పడవ వచ్చింది. అంకెలు వచ్చాయి. ఆకు మూడో ప్రయత్నంలో వచ్చింది. రూతమ్మ తన సంచిలోంచి కత్తెర తీసి ఆ కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి ఇచ్చింది. ఆయన దాన్ని ఖాళీ గడిలో పెట్టారు. నన్ను ఒక అట్ట చట్రంలో బిగించి, ఇక మీదట అంచు పట్టుకునే తియ్యాలని, నీళ్ళు కూడా తగలకూడదని ఇద్దరికీ చెప్పారు. చట్రానికి డబ్బు తీసుకోలేదు.

ఆ సాయంత్రం నుంచి నేను జగన్నాథపురంలో రూతమ్మ కుట్టుమిషను సొరుగులో ఉన్నాను. సొరుగులోంచి ఏమీ కనపడదు. మాటలు వినపడతాయి. కిందిది నేను విన్నదే.

ఫిబ్రవరి 11, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకు దయామణి వచ్చింది. రూతమ్మ భోజనం పెట్టింది. చేపల పులుసులో ఉప్పు తక్కువైందని దయామణి అన్నది. అయినా రెండోసారి వడ్డించుకుంది. ఇద్దరూ వాళ్ళ అమ్మ గురించి, ఆర్టీసీ డిపోలో కొత్త మేనేజరు గురించి, ఒక జాకెట్టు కొలతల గురించి మాట్లాడుకున్నారు. నాలుగు గంటలకు దయామణి వెళ్ళింది. నన్ను చూపించమని అడగలేదు.