విన్నది రాయకూడదు

“హలో, నమస్కారమండీ, పరిశ్రమల శాఖ నుంచి…” అనేసరికి అవతల టక్కున పెట్టేశారు. హలో అక్కయ్య ఏమీ అనుకోలేదు. జారిన కళ్ళజోడు పైకి తోసుకుని తరవాతి నెంబరు నొక్కింది.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే తల నెరిసి రిటైరైన మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి రిసీవర్ మోసిన ఎడమ చెవి కాస్త అణిగిపోయి ఉంటుంది. వీధిలో ఎదురుపడితే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. ఫ్రిజ్‌ల నుంచి మోటార్ల దాకా అన్నిట్లో వాడే ఎలక్ట్రానిక్ చిప్‌ల కరువు మీద ప్రభుత్వం లెక్కలు తీయబోయినప్పుడు, ఫోన్లో బతిమాలే ఓపిక ఉన్నవాళ్ళు కావాలని ఆమెను తాత్కాలికంగా పిలిపించారు. ‘హలో అక్కయ్య’ ఆ ఆఫీసువాళ్ళు పెట్టిన పేరే.

పని వినడానికి సులువే. చిప్‌లు వాడే ప్రతి కంపెనీకీ ఫోన్ చేసి, మీకు నిజంగా ఎన్ని కావాలి, చేతిలో ఎన్ని ఉన్నాయి అని అడగాలి. చెప్పేవాళ్ళే దొరకరు. కొందరికి పన్నులవాళ్ళేమోనని భయం, కొందరికి పోటీ కంపెనీవాళ్ళేమోనని అనుమానం. చెప్పేవాళ్ళు నోటికొచ్చింది చెబుతారు. నీళ్ళు రావంటే వీధి వీధంతా గిన్నెలూ చెంబులూ కూడా నింపిపెట్టుకున్నట్టు, చిప్‌లు దొరకవనగానే ప్రతివాడూ ఒకే సరుకుకు నలుగురు డీలర్ల దగ్గర ఆర్డరు పెట్టి కూర్చున్నాడు.

“ఈ లెక్కలు నమ్మితే ఇంటికి పది ఫ్రిజ్‌లు ఉండాలి, అక్కయ్యగారూ!” అన్నాడు సెక్షన్ ఆఫీసరు తల పట్టుకుని. మంచివాడే పాపం, నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి. “చిన్న కంపెనీల జవాబులు ఇలాగే ఉంటే రేపు పైవాళ్ళు పక్కన పడేస్తారు. వచ్చే చిప్‌లన్నీ పెద్దవాళ్ళకే రాసేస్తారు.”

ఆ ఆఫీసులో ఆమెకు అదే ఆఖరి రోజు. సాయంత్రం చెల్లెలు వచ్చి తన ఊరికి తీసుకుపోతుంది. వెళ్ళేలోగా ఒక్కడిచేతైనా నిజం చెప్పించాలని ఆమె పంతం.

నెలలు నిండని పసికందుల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు చేసే షెడ్డు ఒకటుంది. దాని యజమాని ఎప్పుడు ఫోన్ చేసినా కసురుకుంటాడు. ఈసారి మాత్రం, “నాలుగు వేలు కావాలి. రాసుకోండి. ఇంక విసిగించకండి,” అని పెట్టేశాడు.

పెట్టేశాననుకున్నాడు. రిసీవర్ సరిగా పడలేదు. అవతలివాళ్ళు పెట్టాకే పెట్టడం ఎక్స్ఛేంజి అలవాటు కాబట్టి ఆమె ఇంకా లైన్లోనే ఉంది. లోపలినుంచి ఓ ఆడగొంతు వినిపించింది.

“నాలుగు వేలేమిటండీ? మనకు కావాల్సింది వెయ్యేగా!”

“నలుగురు డీలర్లకూ వెయ్యి చొప్పున చెప్పి ఉన్నాను కదే. ఇప్పుడు నిజం బయటపడితే నలుగురూ మనల్ని తీసి పక్కన పడేస్తారు. పెట్టెలన్నీ చిప్‌లు లేక అలాగే పడున్నాయి. ఇంకో నెల ఇలాగే ఉంటే షెడ్డు మూసుకోవాల్సిందే. ఆస్పత్రులవాళ్ళకు నా మొహం ఎలా చూపించను?”

ఇన్నాళ్ళూ కాళ్ళావేళ్ళా పడినా దొరకని నిజం తనంతట తానే వచ్చి చెవిలో పడింది. కలం కాగితం మీదికి వంగింది. రాసేస్తే ఎవరికి తెలుస్తుంది?

కానీ ఆ చెవి ఎన్ని వినలేదు! చావు కబుర్లు, కాన్పు కబుర్లు, మొగుడూ పెళ్ళాల తగువులు. ఏ ఒక్కటీ ఆమె పెదవి దాటలేదు. చెల్లెలికి కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయిన సంగతి అందరికంటే ముందు ఆమె లైన్లోనే విన్నది. వాళ్ళు ఇంటికొచ్చి చెప్పేదాకా కడుపులోనే పెట్టుకుంది. చెల్లెలు ఆ కోపం ఇప్పటికీ అప్పుడప్పుడూ తీర్చుకుంటూ ఉంటుంది.

“అయ్యా! హలో! మీ ఫోన్ సరిగా పడలేదండీ. మాటలన్నీ వినిపిస్తున్నాయి. కాస్త సరిగా పెట్టుకోండి!” అని అరిచింది.

అవతల టక్కుమంది.

కాగితం మీద నాలుగు వేలే రాసింది. తప్పు చేశానా అని బాధపడింది. ఆ పెట్టెల్లో ఉండాల్సిన పసిగుడ్లు కళ్ళముందు మెదిలాయి.

భోజనాలయ్యాక ఆమె ఫోన్ మోగింది. పోవడమేగాని వచ్చే కాల్ ఎరగని ఫోన్ అది. అందరూ తలలు తిప్పి చూశారు.

“పొద్దున విన్నదంతా రాసేసుకున్నారా?” యజమాని గొంతు.

“లేదండీ. మీరు చెప్పిందే రాశాను. విన్నది రాయకూడదు.”

“ఏం మనిషండీ మీరు! సరే, మా పేరు డీలర్లకు పోదు కదా?”

“పోదండీ. లెక్క ఒక్కటే పైకి పోతుంది.”

“అయితే అది కొట్టేయండి. వెయ్యి. చేతిలో ఉన్నవి వారానికి కూడా చాలవు. ఇది నిజం.” పెట్టబోయి మళ్ళీ అన్నాడు, “మా సంఘంలో నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. మీ సంగతి చెప్పి చూస్తాను.”

ఆమె కొట్టేసి రాసింది.

సాయంత్రం చెల్లెలు సంచులతో సహా వచ్చి ఎదురుగా నిలబడింది. “ఇంక లేవవే అక్కా! బస్సు పోతే ఈ బల్లమీదే పడుకుందామా?”

ఆమె కుర్చీ లోపలికి తోసి, “వెళ్ళొస్తా బాబూ,” అంది. కాగితాల్లో మునిగిన ఆఫీసరు సగం లేచి, “మంచిదండీ,” అని మళ్ళీ కూర్చున్నాడు.

“ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టావే అక్కడ?” అంది చెల్లెలు మెట్లు దిగుతూ.

“ఒకాయన నిజం చెప్పాడే,” అని నవ్వింది అక్క. మనసు దూదిపింజలా ఉంది. ఇద్దరూ చెరో సంచీ పట్టుకుని సందు మలుపు తిరిగారు.

పైన ఆఫీసులో ఆమె ఫోన్ మోగింది. ఆఫీసరు వచ్చి ఎత్తాడు. అవతలినుంచి ఒక గొంతు: “చిన్న మోటార్ల షెడ్డండీ. మా సంఘంలో చెప్పారు. మా అసలు లెక్క చెప్పాలి. అక్కయ్యగారికైతేనే చెబుతాను.” అంతలో పక్క బల్ల మీది ఫోన్ మోగింది, దాని వెనకే ఇంకొకటి. ఇన్నాళ్ళలో ఆమే కావాలని అడిగినవాళ్ళు లేరు. ఆఫీసరు రిసీవర్ బల్లమీద పెట్టి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. కింద జనం చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఆమె ఎవరో అతనికి పోల్చుకోవడం చేతకాలేదు.

వెల్లకిలా పడి ఉన్న రిసీవర్ మాత్రం, “హలో… అక్కయ్యగారున్నారా అండీ?” అని అడుగుతూనే ఉంది.