రెండు పూటలు పిండి చూసిన డబ్బా

అమల అప్పటికే అలిసిపోయి ఉంది. ఇంటి నుంచే ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం ఆమెది, మధ్యాహ్నం షిఫ్టు. మొఘల్‌పురాలో వాళ్ల గల్లీలోకి వైరు లాగడానికి కేబుల్ వాళ్లు రారు. సెల్‌ఫోన్ నెట్‌తో నెట్టుకొద్దామంటే అది వేడెక్కి మాటల మధ్యలోనే ఆగిపోతుంది. ఇంకోసారి కాల్ తెగితే ఉద్యోగం వదులుకోవాల్సిందేనని మేనేజరు చెప్పాడు. మర్యాదగా చెప్పాడు కనుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది. ఇంట్లో ఉన్న బర్రెల పాల మీద వచ్చేది వాటి దాణాకే చాలదు, ఆ ఇంటిని నడిపేది ఆమె జీతమే మరి.

అందుకే మామ రామ్‌చందర్‌ను వెంటబెట్టుకుని, జేబులో పట్టే హాట్‌స్పాట్ డబ్బా కోసం బజారుకు వెళ్లింది. షాపాయన మూడు తీసి ముందు పెట్టాడు. మొదటిదానికి ఏడాది ఒప్పందం, నచ్చకపోయినా కడుతూనే ఉండాలి. రెండోదానికి ఒప్పందం లేదు గానీ ఆ కంపెనీ సిమ్మే వేయాలి. మూడోదాంట్లో ఏ సిమ్మైనా పడుతుంది, కావలసినప్పుడే రీచార్జి చేసుకోవచ్చు, కాకపోతే కొన్నాక వాపసు తీసుకోరు. అమల మూడోదాన్ని చేతిలోకి తీసుకుంది, కింద పెట్టింది, మళ్లీ తీసుకుంది.

బుద్ధి తెలిసినప్పటి నుంచి బర్రెలతోనే బతికిన రామ్‌చందర్‌కు ఇవేం తర్జనభర్జనలు? బర్రెను కొనే ముందు రెండు పూటలు పిండి చూడటం వాళ్ల ఇంటి రివాజు.

"రెండు పూటలు మా ఇంట్ల వెట్టి సూస్తం భాయ్. మంచిగుంటెనే తీస్కుంటం," అన్నాడు.

షాపాయన వాళ్ల పాలు తాగేవాడే కనుక నవ్వి ఒప్పుకున్నాడు.

సాయంత్రం పాలు పిండే వేళ ఆ మూడో డబ్బా పెట్టి చూశారు, నెట్ పరుగెత్తింది. తెల్లవారుజామున పిండే వేళ చూస్తే ఇంకా జోరు. రామ్‌చందర్ మీసం దువ్వుకుంటూ పోయి దాన్ని కొనేసి వచ్చాడు.

మధ్యాహ్నం షిఫ్టు మొదలైంది. అప్పటికి బజారంతా తెరుచుకుంది, ఉన్న ఒక్క టవరు మీద జనమంతా పడ్డారు. కాల్ తెగింది. బర్రె మధ్యాహ్నం పాలివ్వదు గనుక మధ్యాహ్నం కూడా చూడాలని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. డిగ్రీ చదివిన అమలకూ తోచలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేక ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

కాళ్లావేళ్లా పడితే మేనేజరు తెల్లవారుజాము షిఫ్టు ఇచ్చాడు, ఇదే ఆఖరి అవకాశమన్నాడు. కానీ ఆ పూట పాలు పిండేది అమలే. భర్త మహేష్ ఆ వేళకు మార్కెట్‌కు పోయి పచ్చిగడ్డి తేవాలి. మణికట్టు వాచడంతో రామ్‌చందర్ పిండటం మానేసి చాలా కాలమైంది.

"మధ్యానం సూడకపోవుడు నా తప్పు బిడ్డా. పొద్దటి పూట నేను పిండుత. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడతను.

అమల బకెట్ కడిగి అతని పక్కన పెట్టింది.

మర్నాడు హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని కూర్చుంది. నెట్ ఎక్కడా ఆగలేదు. గోడ అవతల బకెట్లో పాలు పడుతున్న చప్పుడు మాత్రం ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. ఆగిన ప్రతిసారీ ఆమె రెండో చెవిని గోడ వైపు తిప్పింది. ఒకసారి ఆగి, ఇక మొదలు కాలేదు. "అమ్మా" అని మామ మూలగడం వినబడింది. లేచి వెళ్లాలనుంది. లేస్తే ఉద్యోగం పోతుంది.

లైన్లో ఉన్నారా అని అవతలి కస్టమర్ అడిగాడు.

"ఉన్నానండీ, చెప్పండి," అంది అమల, కళ్లు తుడుచుకుంటూ.