నలుగురికి నాలుగు మాత్రలు

డాక్టరు ఇచ్చిన నాలుగు మాత్రలనూ మా ఆయన ఖంఫాన్ తెచ్చి కోయి పళ్ళెం పక్కన పెట్టాడు. పచ్చి చేపను సన్నగా కొట్టి, కారం, వేయించిన బియ్యప్పొడి కలిపి కోయి చేసుకుని ఆయన స్నేహితులు ముగ్గురూ చాప మీద సిద్ధంగా కూర్చున్నారు.

పరీక్ష చేయించుకున్నది ఆయనొక్కడే. కాలేయంలో పురుగులున్నాయి, పైత్యనాళాల గోడలు అప్పుడే మందమయ్యాయి. నాలుగు మాత్రలూ ఒక్కరోజే మింగి పచ్చి చేప మానకపోతే క్యాన్సర్ తప్పదని డాక్టరు చెప్పాడు.

"ఒక పళ్ళెంలో తినేవాళ్ళం. మందు మాత్రం వాడొక్కడే మింగుతాడా?" అంటూ ఆ ముగ్గురిలో ఒకడైన సీథోన్ తలా ఒకటి పంచాడు. ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టినవాళ్ళకు వాటా ఇవ్వనివాడి ఇంటికి మా ఊళ్ళో ఎవరూ వెళ్ళరు.

పెళ్ళికి ముందు నేను ఖోన్‌కెన్ పట్నంలో ఆ పురుగుల మీద పరిశోధన చేసేచోట పనిచేశాను.

"ఒకటి చాలదండీ. నేను కళ్ళారా చూశాను. మందు తక్కువైతే పురుగు ముడుచుకుంటుంది, దాని ఒంటి నిండా బొబ్బలు లేచి చిట్లుతాయి. చచ్చిందనుకుంటాం. కొన్నాళ్ళకు చర్మం మళ్ళీ పూడుకుంటుంది. మెల్లగా కదులుతుంది."

"పాపం! కట్టు నువ్వే కట్టావా వదినా?" అన్నాడు సీథోన్.

అందరూ పడిపడి నవ్వారు. "మొగుడి మీద లేని జాలి పురుగు మీద ఉంది దీనికి" అంది మా అత్త.

"ఊరుకుని నిమ్మకాయలు కొయ్యవే" అని ఆయన తన వాటా మాత్రను సారాతో మింగాడు. మర్నాడు మళ్ళీ మందు అడిగి తెచ్చుకుందామంటే, నలుగురిలో పరువు తీస్తున్నానని చెంప మీద కొట్టాడు.

మూడో వానాకాలానికి ఆయన కళ్ళు పసుపెక్కాయి. గోకి గోకి ఒళ్ళంతా పుండ్లు. చివరి వారంలో ఒక రోజు అడిగాడు: "అవి మళ్ళీ కోలుకున్నాయంటావా?"

"కోలుకున్నాయి" అన్నాను.

చావింటికి వచ్చినవాళ్ళకు కోయి పెట్టకపోతే బాగుండదంది అత్త. అంతకు ముందు రోజే ఆ ముగ్గురికీ పరీక్షలో పురుగులు బయటపడ్డాయి. ఆరోగ్య కార్యకర్త తలా నాలుగు మాత్రలిచ్చింది. సీథోన్ ఆ పన్నెండూ పళ్ళెం పక్కన పోసి, నాలుగు వాటాలు వేశాడు. మూడేసి వచ్చాయి.

"వాడి వాటా వాడిదే" అంటూ మూడు మాత్రలు మా ఆయన ఫొటో ముందు పెట్టాడు. అత్త కళ్ళు తుడుచుకుంది.

"వదినా, నిమ్మకాయలు చాల్లేదు" అన్నాడు.

ఇంకో రెండు కోసి ఇచ్చాను.