కనిపించిందల్లా పేరుపెట్టి

మూడో ఏడు నిండినా లోవ నోట మాట రాలేదు. నవ్వుతుంది, ఏడుస్తుంది, పిలిస్తే పరిగెత్తుకొస్తుంది, కావలసింది వేలుతో చూపిస్తుంది. అంతే. కనీసం "అమ్మ" అని కూడా అనలేదు. ఆ దిగులుతో తల్లి భవానికి తిన్నది ఒంటబట్టడం మానేసింది.

అత్తగారు సత్యవతమ్మ తేనెలో వసకొమ్ము అరగదీసి మనవరాలి నాలిక్కి రాసింది. ఫలితం లేదు. మొగుడు ఉమామహేశ్వరం పంటు మీద పనిచేస్తాడు. జనాన్నీ సైకిళ్ళనీ గోదావరి దాటించి, పొద్దుగూకాక ఇంటికొచ్చి, "మా నాన్న కూడా లేటుగానే మాట్లాడాడంట, కంగారెందుకే" అనేసి అన్నం కలుపుకుంటాడు. కంగారు పడకుండా ఉండడం ఎలాగో మాత్రం చెప్పడు.

చివరికి పిల్లని చంకనేసుకుని ఫరంపేటలో ఆగ్నెసమ్మ దగ్గరికి వెళ్ళింది భవాని. ఆవిడ చాలా ఏళ్ళు నర్సుగా చేసి మానేసిన మనిషి. ఎనభయ్యారు వరద మరక ఇంకా పోని అరుగు మీద కూర్చోబెట్టి, లోవ చెవి వెనకాల చిటికె వేసి చూసింది. నోరు తెరిపించి చూసింది.

"చెవి బానే ఉంది, నాలికా బానే ఉంది. నువ్వు దీంతో మాట్లాడతావా?"

"మాట్లాడతానండి. తిను, పడుకో, అటెళ్ళకు అంటానండి."

"అవి మాటలేటే, పోలీసోళ్ళ ఆర్డర్లు. కనిపించిందల్లా పేరుపెట్టి చెప్పు. పిల్లలకి మాటలు మన నోట్లోంచే వెళ్ళాలి."

ఆవిడ మామూలుగానే అంది గానీ భవానికి అక్కడే గుచ్చుకుంది. ఆరో తరగతిలో ఉండగా అమ్మకి జబ్బు చేస్తే, బడి మానేసి పొయ్యి దగ్గర కూర్చున్న పిల్ల తను. తన దగ్గర మాటలెన్ని ఉన్నాయని? తల్లికి లేకనే పిల్లకి రాలేదన్నమాట.

మర్నాడు లేస్తూనే మొదలుపెట్టింది. బిందె, చెంబు, చాప, తలుపు, గొళ్ళెం. మధ్యాహ్నానికి ఇంట్లో పేర్లన్నీ అయిపోయాయి. లోవ కళ్ళింత చేసుకుని వింటూనే ఉంది. ఇంకా చెప్పాలి. ఏం చెప్పాలి? అత్తగారి దగ్గరికి పరిగెత్తింది.

"అత్తా, వంకాయ నెత్తిన టోపీలాగ ఉంటాది, దాన్నేటంటారు?"

"ముచ్చిక. వంకాయ కొయ్యడం కూడా మర్చిపోయావా?"

"మరి మెడ వెనకాల ఈ గుంట?"

"ముచ్చిలిగుంట. ఇదేం చోద్యమే, పొద్దున్నించీ నన్ను పరీక్షకి కూర్చోబెట్టావు."

అత్తగారు అలిసిపోతే వీధిలోకి బయల్దేరింది. కొబ్బరాకు మధ్య పుల్ల ఈనె అని తెలుసు. ఆకు కాడకి పేరేమిటో అడిగి, మట్ట అని తెలుసుకుంది. ఇసకలో తవ్వితే నీళ్ళూరే గుంట చెలమ అని చెప్పింది చేపలమ్మే అమ్మన్న. కంట్లో పడి బాధపెట్టే ఆ కాస్తంతది నలుసు అనీ, వలలో ఒక్కొక్క గడీ కన్ను అనీ చెప్పాడు రేవులో వల బాగుచేసుకునే ఇన్నయ్య. మూడోనాడు భవాని మళ్ళీ కనిపించేసరికి అతను వల ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అమ్మాయ్, నా దగ్గరున్న పేర్లన్నీ పట్టుకెళ్ళిపోయావు. ఇంక చేపల ఇంటిపేర్లే మిగిలాయి."

"అయ్యీ చెప్పు బాబాయ్," అంది భవాని. ఆమెకి నవ్వు రాలేదు.

దొరికిన మాటని దొరికినట్టే తెచ్చి పిల్ల ముందు పెట్టేది. లోవ దేనివైపైనా చూపు తిప్పితే చాలు, వేలు సాగేలోపే ఆ వస్తువు పేరు, దాని అంచు పేరు, అడుగు పేరు, పిడి పేరు వచ్చి పడేవి. కావలసింది చేతిలోనూ పడేది. ఒకటి రెండుసార్లు పిల్ల పెదాలు విడివడ్డాయి కూడా. ఈలోపే భవాని ఇంకో పేరు అందుకునేది.

"రేడియోకైనా పొద్దుపోయాక నోరు కట్టేస్తారు," అనేది సత్యవతమ్మ. "నీకు ఆ కట్టే మీట కూడా లేదు."

అలా అంటుండగానే ఓ ఉదయం భవాని గొంతు పోయింది. లేచి లోవని పిలవబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. ఉప్పునీళ్ళు పుక్కిలించింది, మిరియాలు నమిలింది. లాభం లేదు. ఈ ఒక్కరోజుతో చెప్పినవన్నీ పిల్ల మర్చిపోతుందేమోనని దిగులుగా పొయ్యి ముందు కూర్చుంది.

ఎసరు పొంగుకొచ్చింది. గంజి తోడడానికి వాడే కొబ్బరిచిప్ప గరిటె ఎదురుగా అత్తగారి తల మీద గోడకి చేట, జల్లెడల పక్కన వేలాడుతోంది. భవాని అటు చూపించి, అరచెయ్యి గుండ్రంగా వంచి తోడినట్టు ఆడించింది.

"ఏటి, చేటా?" సత్యవతమ్మ చేట విసిరింది.

కాదని తల ఊపి మళ్ళీ ఆడించింది.

"జల్లెడా? ఈ వేళప్పుడు జల్లెడేం చేసుకుంటావే?"

గుమ్మంలో కూర్చున్న లోవ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. విసుగ్గా మొహం ముడిచింది.

"అబక, నానమ్మా. అమ్మకి అబక కావాలంట."

గంజి పొంగి పొయ్యి చుయ్యిమంది.

"మా అమ్మ అనేది ఆ మాట," అంది సత్యవతమ్మ. "మా పుట్టింట, దరియాలతిప్పలో ఉండగా. ఈ ఇంట్లో నేనెప్పుడన్నానో నాకే తెలీదు. దీని చెవినెప్పుడు పడిందే?" కళ్ళొత్తుకుంటూనే దెప్పింది. "నీ నోటికి తాళం పడితే గాని ఈ పిల్లకి సందు దొరకలేదు."

భవాని లేచి ఆ గరిటెని గోడ మీంచి తీసింది. ఇన్నేళ్ళుగా రోజూ పట్టుకునే వస్తువే. దీనికి ఇంత చిన్న పేరుందని తెలీదు. ఊరంతా తిరిగింది గానీ దీని గురించి అడగాలనే తోచలేదు. పిల్ల ముందు గొంతుక్కూర్చుని, దాన్ని ఎత్తి పట్టుకుని, మళ్ళీ చెప్పమన్నట్టు కనుబొమలు ఎగరేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగి లోవ మొహం సరిగా కనిపించడం లేదు.

అమ్మకి ఈ మాట రాదు కాబోలనుకుంది లోవ. దగ్గరికి జరిగి, గరిటె అంచు మీద చెయ్యి వేసి, ఈసారి నెమ్మదిగా విడదీసి చెప్పింది.

"అ... బ... క."

భవాని పెదాలు కదిపింది. గాలే వచ్చింది. లోవ ఓపిగ్గా ఆమె నోటివంకే చూస్తూ కూర్చుంది.

"అనమ్మా," అంది.