అక్క చెక్కుకున్న తుమ్మకర్ర

తమ్ముడు కొనుక్కొచ్చిన చేతికర్రని అక్క ఒక్కసారి పట్టుకుని చూసి మంచం కిందికి తోసేసింది.

"అది అల్యూమినియం గొట్టం. నేను వడ్రంగిని. నా చేతికి దీన్నిస్తావా?"

తమ్ముడు నీళ్ళు నమిలాడు. "డాక్టరు చెప్పాడని తెచ్చానక్కా."

"డాక్టరు కర్ర పట్టమన్నాడు. ఏ కర్రో నేను చూసుకుంటా."

మూడు నెలల కిందట, ఇద్దరూ కలిసి నడిపే షెడ్డులో గోడవారన ఒకదానిమీదొకటి పేర్చిన దూలాలు జారి ఆమె కుడికాలి మీద పడ్డాయి. చీలమండ నుజ్జయింది. వాటికి తాడు కట్టాల్సింది తమ్ముడు. కడతాలే అంటూ ఫోన్ చెవిన పెట్టుకుని బయటికెళ్ళాడు. దానికి కాదు ఆమె కడుపు మండింది. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆసుపత్రిలో ఆమె ఇంకా మత్తులో ఉండగానే, "అక్కే తొందరపడి అడుగు దూలం లాగింది" అని వాడు ఊరందరికీ చెప్పేశాడు. పాతికేళ్ళుగా చెక్క పని చేస్తున్న మనిషి అడుగు దూలం లాగుతుందా అని ఒక్కరూ అడగలేదు. అమ్మయితే మందు తాగిస్తూ, "నీకు చిన్నప్పట్నించీ తొందరే" అని సన్నాయి నొక్కులు నొక్కింది. అప్పట్నించీ అక్క ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

చేతికర్ర తెచ్చిన మర్నాడు పొద్దున్నే చంక కర్రల మీద షెడ్డుకొచ్చింది. మిగులు చెక్కల కుప్ప ముందు స్టూలేసుకుని కూర్చుంది. పాలిష్ మేస్త్రి తలెత్తి చూసి, ఆమె మొహం చూశాక మళ్ళీ తల దించేసుకున్నాడు.

తమ్ముడు ఒక టేకుముక్క తీశాడు. "ఇది నున్నగా వస్తుందక్కా."

"సన్నగా చెక్కాక నా బరువుకి ఫట్మంటుంది. రెండో కాలు కూడా పోవాలా?"

"పోనీ వెదురు?"

"ఏం, మేకలు కాయనా?"

రేగుముక్క బాగానే ఉంది కానీ సరిగ్గా నడుమ ముడి ఉంది. పక్కన పెట్టింది. ఇంకోటి నేలకేసి కొడితే డొల్లగా మోగింది. లోపలెక్కడో పగులు. ఆఖరికి అడుగునించి ఒక తుమ్మచెక్క లాగింది. రెండేళ్ళు నీడన ఆరిన చెక్క. ముదురెరుపు చేవ, ఈ కొసనించి ఆ కొసదాకా నార సూటిగా పోయింది. నేలకేసి కొడితే ఖంగుమంది.

మిషన్ వేస్తానని తమ్ముడు స్విచ్ దగ్గరికెళ్ళాడు.

"ముట్టుకోకు," అంది.

రంపంతో కోసింది, బాడిసతో అంచులు చెక్కింది. దెబ్బ కాలిని పెట్టె మీద చాపుకుని చిత్రిక పట్టింది. తుమ్మ మొండిది, ఊరికే లొంగదు. అడుగు దూలం మాట గుర్తొచ్చినప్పుడల్లా చేతికి ఎక్కడలేని బలమొచ్చి చిత్రిక లోతుగా దిగేది. ఒకచోట పెచ్చు లేచిపోయింది. పళ్ళు కొరుక్కుని, కర్ర తిరగేసి అటువైపునించి మొదలెట్టింది. అదే తుమ్మతో అడ్డపిడి చేసి, తొలిచి, చెక్కమేకు కొట్టి బిగించింది. అన్నిటికీ మూడు రోజులు పట్టింది.

ఇక కొలత మిగిలింది. నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేస్తే మణికట్టునించి నేలదాకా ఎంత ఉంటుందో, పిడితో కలిపి కర్ర అంత ఉండాలి. ఎవరి కొలత వాళ్ళు తీసుకోలేరు, వంగితే కొలత మారిపోతుంది. మేస్త్రిని పిలిచింది. చేతినిండా లక్క అన్నాడు. టేపు పట్టుకుని తమ్ముడే వచ్చాడు. ఆమె గోడ పట్టుకుని నిటారుగా నిలబడింది.

"చెప్పులేసుకో అక్కా, వాటితో సహా కొలవాలి. ఎడమ చేతికేగా?"

"దెబ్బ కుడికాలికైతే ఎడమ చేతికే."

మోకాళ్ళ మీద కూర్చుని టేపు దించి, కర్ర మీద పెన్సిలు గీత పెట్టాడు. కుట్ల గాటు వాడి కళ్ళకి జానెడు దూరంలో ఉంది. కట్టు విప్పాక వాడు దాన్ని చూడటం అదే మొదలు.

"తాడు నేనే కట్టలేదక్కా," అన్నాడు నేల చూస్తూ.

"నాకెందుకు చెప్తున్నావ్? నాకు తెలీదా? ఎవరికి అబద్ధం చెప్పావో వాళ్ళకి చెప్పు."

"ఇప్పుడేనా?"

"దూలాలు నన్ను టైమడిగి పడ్డాయా?"

వాడు లేచి మేస్త్రి దగ్గరికెళ్ళాడు. తాడు కట్టంది తనేనని చెప్పాడు. మేస్త్రి లక్క గుడ్డ కింద పెట్టి, "నాకు అప్పుడే అనుమానమొచ్చిందయ్యా," అన్నాడు.

"వస్తే నోరు ఎందుకు మెదపలేదు?" అని అక్క అటునించే అడిగింది. ఆయన మళ్ళీ లక్క గుడ్డ అందుకున్నాడు.

తమ్ముడు ఇంట్లోకెళ్ళిన కాసేపటికి అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ వచ్చింది.

"కన్నతల్లిని, నాకైనా చెప్పొద్దటే?"

"నువ్వు అడిగావా అమ్మా? వాడు చెప్పాడు, నువ్వు నమ్మావు. అంతేగా."

అమ్మ చెయ్యి పట్టుకోబోతే అక్క వెనక్కి తీసుకుంది. పెన్సిలు గీత మీద రంపం పెట్టి కర్రని తానే కోసుకుంది. కొసకి రబ్బరు బిళ్ళ తొడిగి, నూనె రాసి, లేచి నిలబడింది. ఎడమ చెయ్యి పిడి మీద ఆనింది. వీధి గుమ్మందాకా నడిచింది. తిరిగొచ్చింది. కాలు సలిపింది కానీ కర్ర కదల్లేదు.

తమ్ముడు షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "కోపం పోయిందా అక్కా?"

"పోలేదు. రేపట్నించి పనిలోకొస్తా. నీతో పని మాటలే మాట్లాడతా. మిగతావి ఎప్పుడో నాకే తెలీదు."

వాడు తలూపాడు.

"ముందు ఆ పొట్టు ఊడ్చెయ్. కర్ర జారుతుంది," అంది.