తొక్కల మీద సోడా

మా యజమానురాలు ఎంత తియ్యగా మాట్లాడుతుందంటే, చాటున మేమంతా ఆమెను తేనెసీసా అంటాం. హోటళ్ళ నుంచి పళ్ళ తొక్కలు, ఉల్లిపొట్టు, మొక్కజొన్న పొత్తుల డొప్పలు తెప్పించి, పాత కాగితంతో కలిపి కొత్త కాగితం చేయిస్తుంది. చూడడానికి వచ్చిన పెద్దమనుషులతో “మా దగ్గర ఏదీ వృథా పోదండీ” అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

బకెట్లలో వచ్చినవాటిని మేము నలుగురు ఆడవాళ్ళం నేలమీద కూర్చుని ఏరుతాం. పీచున్నవి డ్రమ్ములో వేస్తే కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడుకుతాయి. మెత్తబడ్డాక నలగ్గొట్టి, కాగితం గుజ్జుతో కలిపి, జాలీ చట్రాలతో పల్చగా ఎత్తి ఆరబెడతారు. పండు కండ మాత్రం కాగితానికి దేనికీ పనికిరాదు, కాలువలో పోవలసిందే. అందుకే తొక్కల మధ్య పాడవని పుచ్చకాయ ముక్కో బొప్పాయి ముక్కో దొరికితే కడుక్కుని తినేవాళ్ళం. ఎవరూ వద్దనలేదు.

మాలో ఇద్దరు అత్తాకోడళ్ళు. అత్త బోసినోటిది, అయినా ఆ నోటికి విశ్రాంతి ఉండదు, రోజంతా మమ్మల్ని నవ్విస్తూనే ఉంటుంది. కొడుకు నడుం విరిగి మంచం పట్టాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలన్నా, మనవడి కడుపు నిండాలన్నా వీళ్ళిద్దరి పనే దిక్కు.

ఒకరోజు అత్త మనవడి కోసం బొప్పాయి ముక్కలు డబ్బాలో పెట్టుకుంటుంటే తేనెసీసా చూసింది. కేకలేయలేదు. పక్కన చేరి భుజం మీద చెయ్యి వేసింది.

“అయ్యో పెద్దమ్మా, ఎవరెవరి ఎంగిలో పిల్లాడికి పెడతావా? వాడికేమన్నా అయితే నా మనసు ఊరుకుంటుందా?”

మర్నాటి నుంచి పద్ధతి మారిపోయింది. ముందు సోడా, తర్వాత ఏరడం. బకెట్లు దిగీ దిగగానే డ్రమ్ములో మరిగే సోడా నీళ్ళు మగ్గుతో తోడి వాటిమీద పోయాలి. చల్లారాక ఆ తడి తొక్కల్ని మేము ఏరాలి. గ్లౌజులు అడిగితే “తెప్పిస్తున్నానమ్మా, దారిలో ఉన్నాయి” అంది. అది ఏం దారో గానీ ఇప్పటికీ తెగలేదు. వేళ్ళ మీద చర్మం పొరలు పొరలుగా ఊడింది.

పోసే పని ఎవరికిచ్చిందనుకున్నారు? కోడలికి.

“నువ్వు నమ్మకస్తురాలివి తల్లీ. ఒక్క ముక్క ఎవరి నోట్లోకి పోయినా, ఇక అత్తాకోడళ్ళిద్దరూ హాయిగా ఇంటిపట్టునే ఉందురుగాని” అంది నవ్వుతూ.

మొదట్లో కోడలు పోసేముందు చిన్నగా దగ్గేది. మేం చటుక్కున చేతికందింది లాక్కునేవాళ్ళం. తేనెసీసా అది కనిపెట్టి, కుర్చీ వేయించుకుని బకెట్ల ఎదురుగా కూర్చోసాగింది. కోడలు దగ్గడం మానేసింది. తర్వాత మాతో మాట్లాడడమూ మానేసింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. అయితే ఆ మగ్గు నా చేతిలో ఉంటే నేను మాత్రం దగ్గేదాన్నని చెప్పలేను.

ఆ పొద్దున దిగిన మొదటి బకెట్లో పైనే ఒక అరటిపండు ఉంది. తొక్కయినా ఒలవనిది. ఇంట్లో మనవడికి జ్వరం. అత్త తేనెసీసా వైపు చూసి బోసిగా నవ్వింది.

“ఇది ఎంగిలిది కాదు కదమ్మా” అంటూ బకెట్లో చెయ్యి పెట్టింది.

తేనెసీసా ఆమెను చూడలేదు. మగ్గు పట్టుకుని నిలబడ్డ కోడల్ని చూసింది.

“కానివ్వమ్మా.”

కోడలు వంచేసింది.

అత్త కేక పెట్టింది. మేం పరుగెత్తి చన్నీళ్ళు పోస్తుంటే, మణికట్టు దాకా తోలు తెల్లగా ఉబ్బి జారుతోంది. తేనెసీసా లేచి నిలబడింది.

“అయ్యయ్యో, అత్త చెయ్యని కూడా చూడవా? ఇంత కటికదాన్ని నా దగ్గర ఎలా పెట్టుకోనమ్మా?”

అత్తే అడ్డొచ్చి అంది.

“దాని తప్పేం లేదమ్మా. అది పోస్తుంటే నేనే చెయ్యి పెట్టా. నా బుద్ధి గడ్డి తింది.”

“పోనీలే, నువ్వే ఒప్పుకున్నావుగా. ఇక రేపట్నుంచి రాకు పెద్దమ్మా, ఆ చేత్తో ఏం ఏరతావు?” అని తేనెసీసా కోడలి వైపు తిరిగింది. “నువ్వు ఉండమ్మా. మిగతా బకెట్లలో పోసేదెప్పుడు, అవి చల్లారేదెప్పుడు?”

కోడలు అత్తను చూసింది. అత్త కళ్ళతోనే వెళ్ళమంది.

కోడలు మగ్గు ముంచుకుని రెండో బకెట్ దగ్గరికి వెళ్ళింది. అందులో ఏముందో చూడకుండానే పోసేసింది.